రోగుల బండికి ఏ ఇంజను తగును?

ఆంబులెన్సు బండి యనగానే మన మనస్సునకు మొదట తోచునది వేగము. సైరను కూత, తిరుగు దీపము, దారి విడుచు జనము, ఇవియే కన్నులకు కట్టును. ఆ బండిని నడుపువారి నడిగిన మాత్రము వేరొక సంగతి చెప్పుదురు. అది పరుగెత్తు గడియలు తక్కువ, నిలిచియుండు గడియలు ఎక్కువ. ప్రమాదము జరిగినచోట నిలుచును, రోగి యింటిముందు నిలుచును, ఆసుపత్రి వాకిట వంతు వచ్చువరకు నిలుచును. అట్లు నిలిచినంతసేపును ఇంజను తిరుగుచునే యుండవలెను. ఏలయన లోపలి దీపములు, కఫము పీల్చు పంపు, గుండె నడకను గీతలలో చూపు పరికరము, చలువ యంత్రము, అన్నియు ఆ ఇంజను పుట్టించు విద్యుత్తుమీదనే ఆధారపడియున్నవి. పెట్రోలు ఇంజనునకును డీసెలు ఇంజనునకును నడుమ నూరేండ్లకు పైగా సాగిన పోటీలో పలుమారులు తీర్పు చెప్పినది ఈ నిలుకడయే గాని పరుగు కాదు. ఆ చరిత్రను కొంత విపులముగ చెప్పుకొందము.

మోటారు రాకముందు మనిషి భుజమే ఇంజను. ఒక గట్టి కఱ్ఱ, దాని రెండు కొనలు ఇద్దరి భుజములమీద, నడుమ వ్రేలాడు దుప్పటి, ఇంతియే డోలీ. ఆంధ్రదేశపు మన్యములలో దీని పని యింకను తీరలేదు. బాట లేని గూడెములనుండి గర్భిణులను డోలీలలో దింపుకొనివచ్చిన వార్తలు ఈ శతాబ్దపు పత్రికలలోను కనిపించుచునే యున్నవి. బ్రిటిషు సైన్యము మన దేశమున యుద్ధములు చేసిన కాలమున గాయపడినవారిని మోసినదియు డోలీయే. ఆ మాటను వారు తమ భాషలోనికి కూడ కొనిపోయిరి. ఫ్రాన్సు సేనలో వైద్యుడైన లారే 1790 దశకమున తేలికపాటి గుఱ్ఱపు బండ్లను యుద్ధభూమిలోనికే పంపి, గాయపడినవానిని పోరు ముగియకముందే తెప్పించు పద్ధతి నేర్పరచెను. 'ఎగురు ఆంబులెన్సు' అని ఆ బండ్లకు పేరు. 1899లో దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధము వచ్చినపుడు గాంధీజీ నేటాలులోని భారతీయులను సుమారు 1,100 మందిని కూర్చి మోతదళము నొకదానిని నడపిరి. వారిలో ఎక్కువమంది ఒప్పందపు కూలీలు. మదరాసు రేవునుండి నేటాలు చెరకుతోటలకు అట్లు పోయినవారిలో తమిళులతోపాటు తెలుగువారును ఉండిరి. ఒక్కొక్క దినమున ఇరువది, ఇరువదియైదు మైళ్లు ఆ దళము గాయపడిన సైనికులను మోసెను. భుజబలమునకు నూనె పోయనక్కరలేదు, పొగ రాదు. కాని ఇరువది మైళ్లకు దినమంతయు పట్టును. రక్తము కారుచున్నవానికి అది ఒక జీవితకాలము.

యంత్రశక్తితో నడచిన ఆంబులెన్సులలో మొదటిదిగా చెప్పబడునది చికాగోలోని మైకేల్ రీస్ ఆసుపత్రికి అదే 1899లో వచ్చినది. అది పెట్రోలు బండియు కాదు, డీసెలు బండియు కాదు. బ్యాటరీలతో నడచిన విద్యుచ్ఛకటము. ఇందుకు ఆశ్చర్యపడ నక్కరలేదు. ఆనాడు పెట్రోలు ఇంజనును ఇనుప పిడి పెట్టి చేతితో త్రిప్పి మేలుకొలుపవలసియుండెను. అది ఒక్కొక్కప్పుడు వెనుకకు తన్ని త్రిప్పువాని మణికట్టును విరుచుటయు కద్దు. రోగిని తేబోవువాడే చేయి విరుగగొట్టుకొన్నచో ఆసుపత్రికి ఇద్దరు రోగులు. విద్యుత్తు బండి మీట త్రిప్పగనే కదలెడిది. చప్పుడు లేదు, వాసన లేదు. దూరము పోలేకపోవుట మాత్రమే దాని లోపము. 1912లో కెటరింగు అను ఇంజనీరు కల్పించిన విద్యుత్ స్టార్టరు కాడిలాక్ కార్లకు అమర్చబడిన తరువాత పెట్రోలు బండికి ఆ మణికట్టు గండము తీరినది. పట్టణపు వీధులు దాటి పోవలసిన బండికి ఇక పెట్రోలునకు సాటి లేకపోయెను.

1914లో వచ్చిన మహాయుద్ధము పెట్రోలు ఆంబులెన్సును వేలసంఖ్యలో పుట్టించెను. ఫ్రాన్సులో అమెరికా స్వచ్ఛంద సేవకులు నడపిన ఫోర్డు టి నమూనా బండ్లు వీనిలో పేరొందినవి. నాలుగు సిలిండర్లు, 20 అశ్వశక్తి. పండుకొన్నవారైన ముగ్గురిని, కూర్చున్నవారైన నలుగురిని మోయునంతటి చిన్న చెక్కపెట్టె దానిమీద కట్టిరి. బలము చూచిన ఇది పెద్ద బండి కాదు. కాని వోజు పర్వతములలో పెద్ద మోటారులు ఎక్కలేని కంచరగాడిదల దారులలో ఇది ఎక్కెను. బురదలో దిగబడినచో నలుగురైదుగురు సైనికులు పట్టి ప్రక్కకు లేవనెత్తెడివారు. ఇంజనునకు బరువు తక్కువ యగుట ఆంబులెన్సునకు ఎంత మేలో ఈ బండి చూపినది. ఇది మరువరాదు; డీసెలు కథ వచ్చునప్పుడు ఈ బరువే అడ్డు నిలుచును.

ఆ యుద్ధముననే మరియొక విశేషము జరిగెను. 1914లో మేరీ క్యూరీ ఎక్సురే పరికరములను మోటారు బండ్లలో నెక్కించి యుద్ధభూమి సమీపమునకు తీసికొనిపోయెను. విద్యుత్తు లేని పల్లెలలో ఎక్సురే ఎట్లు తీయుట? బండి ఇంజనుతోనే డైనమోను త్రిప్పించిరి. బండి నిలిచియుండును, ఇంజను తిరుగుచుండును, దానివలన పుట్టిన విద్యుత్తుతో సైనికుని తొడలో గుండు ఎక్కడ దిగినదో కనబడును. సైనికులు ఆ బండ్లను ముద్దుగా 'చిన్న క్యూరీలు' అని పిలిచిరట. నేటి ఆంబులెన్సు తన నిలుకడలో చేయు పనికంతకును ఇదియే మూలరూపమని మా యభిప్రాయము. ఇంజను కేవలము చక్రములను త్రిప్పుటకే కాదు, వైద్యమునకు శక్తినిచ్చు కొలిమి యని అప్పుడే తేలినది.

ఇక రెండవ ఇంజను పుట్టుపూర్వోత్తరములు చూతము. రుడాల్ఫ్ డీసెల్ 1858లో పారిసులో జన్మించిన జర్మను. ఆటో యను నతడు 1876లో చేసిన నాలుగు ఊపుల ఇంజనులో ఇంధనపు ఆవిరిని గాలితో కలిపి సిలిండరులోనికి పీల్చి, నొక్కి, ఆపైన నిప్పు పెట్టుదురు. నేటి పెట్రోలు బండిలో ఆ నిప్పు స్పార్కు ప్లగ్గు నుండి వచ్చును. ఆ మిశ్రమమును మిక్కిలి నొక్కినచో తనంతట తానే అకాలమున మండును. కావున ఎనిమిదింట, పదింట ఒక వంతునకు మించి నొక్కుటకు సాధారణముగ వీలులేకుండెను. డీసెల్ ఈ చిక్కునే ఉపాయముగ మార్చెను. గాలిని మాత్రమే పీల్చి, పదునారింట ఒక వంతో ఇరువదింట ఒక వంతో అగునట్లు నొక్కినచో, ఆ గాలి ఎఱ్ఱగ కాలిన ఇనుమువలె వేడెక్కును. అప్పుడు చమురును చిమ్మినచో నిప్పు పెట్టు పనియే లేదు. సైకిలు పంపును గబగబ కొట్టి దాని మొన తాకి చూచినవారికి ఈ రహస్యము బోధపడును. 1897లో ఆగ్స్‌బర్గులో అతని ఇంజను పరీక్షకు నిలిచి, ఇంధనములోని శక్తిలో 26 శాతమును పనిగ మార్చెను. ఆనాటి ఆవిరియంత్రములు దానిముందు వెలవెలపోయినవి. కాని ఆ యంత్రము నిలువెత్తు మనిషిని మించిన పొడవు; టన్నులకొలది బరువు; దాని సత్తువ ఏమో సుమారు 20 అశ్వశక్తి, అనగా చిన్నారి ఫోర్డు బండిదంత. డీసెల్ తన యంత్రము రోడ్డెక్కుట చూడలేదు. 1913 సెప్టెంబరులో ఇంగ్లండు పోవు ఓడలో రాత్రి తన గదికి పోయినవాడు తెల్లవారుసరికి కనబడలేదు.

చమురును సన్నని తుంపరగ సరియైన క్షణమున చిమ్ముట యనునదే కష్టము. 1924లో జర్మనీలో డీసెలు లారీలు వెలువడినవి. 1927 నుండి బాష్ కర్మాగారము చమురు చిమ్ము పంపులను విరివిగ చేయనారంభించినది. 1936లో మెర్సిడిస్ 260 డి యను కారు వచ్చినది. లారీ, ఓడ, రైలు, ట్రాక్టరు, అన్నిటను డీసెలు కాలు మోపెను. ఆంబులెన్సులో మాత్రము దానిని చాలకాలము గడప దాటనీయలేదు.

ఇందుకు కారణములు కలవు. చల్లని ఉదయమున డీసెలు ఇంజను లేవదు. సిలిండరు గోడలు చల్లగనున్నచో నొక్కిన గాలి వేడి వానిలోనికే పోవును గాని చమురు నంటించుటకు చాలదు. అందులకై గ్లో ప్లగ్గులను పెట్టి, మీట త్రిప్పి, అవి ఎఱ్ఱబడువరకు వేచియుండవలెను. జర్మనులు ఈ వేచియుండుటకు హాస్యముగ 'రుడాల్ఫ్ డీసెల్ సంస్మరణ నిమిషము' అని పేరు పెట్టిరి. లారీ నడుపువాడు ఆ నిమిషమున చుట్ట ముట్టించుకొనవచ్చును. పిలుపు వచ్చిన ఆంబులెన్సునకు ఆ నిమిషము చుట్టతో పోవునది కాదు. రెండవది చప్పుడు. పాత డీసెలు ఇంజను గొలుసుకట్టు పలకలు దొర్లినట్లు టకటక కొట్టుకొనును. చెవిలో స్టెతస్కోపు పెట్టుకొన్నవానికి రోగి గుండెకంటె ముందు ఇంజను గుండె వినబడును. మూడవది మందగతి. బరువెక్కువ, వేగము పుంజుకొనుట ఆలస్యము. వీనికితోడు పొగ.

అందుచేతనే రెండవ మహాయుద్ధమున కూడ ఆంబులెన్సులు పెట్రోలువే. బ్రిటిషువారి ఆస్టిన్ కె2 అను బండి సుమారు 13,000 వరకు తయారైనది. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, నాలుగు స్ట్రెచర్లు. లిబియా ఎడారులలో అది పడిన పాట్లను 1958లో వచ్చిన 'ఐస్ కోల్డ్ ఇన్ అలెక్స్' అను చలనచిత్రమున చూచినవారు మరువలేరు. అందు బండియే కథానాయిక. సైన్యమున కప్పుడు పెట్రోలే ముఖ్యమగుటచేత ఆంబులెన్సునకు వేరుగ చమురు మోయు పని లేకపోయెను. నలువది సంవత్సరముల తరువాత ఇదే తర్కము తలక్రిందులైనది. 1980 దశకమున పాశ్చాత్య సేనలు విమానమునకు, టాంకునకు, లారీకి ఒకే విధమగు చమురు చాలవలెనని నిశ్చయించుకొన్నప్పుడు పెట్రోలు సైన్యమునుండి తప్పుకొనినది. హమ్వీ యను సైనిక ఆంబులెన్సు డీసెలు ఇంజనుతోనే పుట్టినది. కావున ఇంజనును ఎల్లప్పుడును వైద్యుడో ఇంజనీరో ఎన్నుకొనుననుకొనరాదు. పెక్కుసారులు ఎన్నుకొనునది చమురు పీపాలు మోయువాడు.

ఈ కథలో అన్నిటికంటె తెలిసికొనదగిన ఘట్టము అమెరికాలో నడచినది. 1960 దశకము నడుమ అమెరికాలోని ఆంబులెన్సు సర్వీసులలో ఇంచుమించు సగము శవసంస్కారములు చేయించు వ్యాపారస్థుల చేతిలో నుండెను! మనిషిని పొడవుగ పండబెట్టి మోయగల బండి ఊరిలో వారికే యుండుట ఇందుకు కారణము. ఒక్క కాడిలాక్ కారే ఉదయము రోగిని, సాయంకాలము మృతుని మోసిన ఊళ్లు కలవు. పెద్ద పెట్రోలు ఇంజను, మెత్తని నడక. లోపల వైద్యము చేయుటకు చోటు లేదు, చేయువాడును లేడు. 1966లో అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తు ప్రకటించిన నివేదిక ఈ దుస్థితిని ఎండగట్టెను. అంతకు ముందటి సంవత్సరము, 1965లో, ప్రమాదములలో 1,07,000 మంది ఆ దేశమున మరణించినట్లు అది తెలిపెను. 1973లో అత్యవసర వైద్యసేవల చట్టము, 1974లో ఆంబులెన్సు బండి ఎట్లుండవలెనో కొలతలతోసహా నిర్ణయించు ప్రభుత్వ నిబంధనావళి వచ్చినవి. తల తగులకుండ నిలుచుటకు ఎత్తు, రోగి తలవైపు కూర్చుండుటకు చోటు, పరికరములకు అల్మారలు. కారుపై కట్టిన ఆంబులెన్సు కాలము ఆ దశకాంతమునకు చెల్లిపోయెను. దాని స్థానమున లారీ చట్రముమీద పెట్టె కట్టిన బండి వచ్చెను.

పెట్టె పెద్దదైనకొలది బరువు పెరిగెను. చలువ యంత్రములు రెండు. డైనమోకు బదులు పెద్ద ఆల్టర్నేటరు. వీనినన్నిటిని లాగుటకు ఫోర్డు ఇ-350 చట్రములో 7.5 లీటరుల ఎనిమిది సిలిండర్ల పెట్రోలు ఇంజనును అమర్చిరి. దానికి బలమునకు కొదువ లేదు. కాని 1980 దశకమున ఆ బండ్లలో మంటలు లేచుట మొదలైనది.

ఎందుకు లేచినవో చూతము. పెట్రోలులోని తేలిక భాగములు 40 డిగ్రీల లోపుననే మరగనారంభించును. చలికాలపు పెట్రోలులో ఇంజను సులభముగ లేచుటకై ఈ తేలిక భాగములను మరింత కలుపుదురు. ఇప్పుడు ఒక ఆంబులెన్సును ఊహించుకొనుడు. ప్రమాదస్థలమున అరగంటగ నిలిచియున్నది. ఇంజను తిరుగుచున్నది, ఎదురుగాలి లేదు. బండి క్రింద పొగగొట్టము కణకణలాడుచున్నది. నేల వేడి పైకి కొట్టుచున్నది. ఆ ప్రక్కనే ఇంధనపు టాంకు. పరుగెత్తు కారునకు గాలియే విసనకఱ్ఱ. నిలిచియున్న ఆంబులెన్సునకు ఆ సేవ లేదు. టాంకులో పెట్రోలు మరగి ఆవిరి ఒత్తిడి పెరుగును. ఆపై ఎవడో నూనె పోయుటకు మూత తీసిన, పెట్రోలు బుస్సున పైకి చిమ్మి వేడి ఇనుముమీద పడును. మూత తీయకున్నను ఆ ఒత్తిడి ఎక్కడనో యొకచోట దారి చూచుకొనును. లోపల కట్లతో బంధింపబడిన రోగి. ప్రక్కన ప్రాణవాయువు సిలిండరు. ఇంతకంటె వివరింప నక్కరలేదు.

ప్రభుత్వ రాజమార్గ భద్రతా సంస్థ విచారణకు దిగెను. 1987లో ఫోర్డు కంపెనీ ఆ ఆంబులెన్సులను వెనుకకు పిలిచి మార్పులు చేయించెను. ఒక్క మాట ఇచట స్పష్టముగ చెప్పవలెను. అదే ఇంజను, అదే చట్రము సరకుల బండిగ తిరిగినప్పుడు ఇంత ఉపద్రవము కనబడలేదు. నేరము పెట్రోలుదా, ఇంజనుదా, టాంకు అమరికదా యని వాదించుకొనవచ్చును. మాకు తోచునది, బండి చేయు పనిని ముందుగ లెక్కింపకపోవుటయే నేరమని. ఆంబులెన్సును పరుగెత్తు బండిగ భావించి కట్టిరి; అది నిలుచు బండి.

దీని తరువాత డీసెలునకు తలుపులు బార్లా తెరచుకొన్నవి. 1980 దశకారంభమున ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థ చేసిన 6.9 లీటరుల డీసెలు ఇంజను అప్పటికే ఫోర్డు చట్రములలోనికి వచ్చియుండెను. పిదప 7.3 లీటరులది, 1994లో టర్బోతో కూడినది వచ్చినవి. పెట్రోలు ఆవిరి గడ్డకట్టు చలిలో, సున్నకు నలువది డిగ్రీల దిగువను కూడ అంటుకొనగలదు. డీసెలు చమురునకు సుమారు 50 డిగ్రీలు దాటిన వేడి కావలెను. కావున టాంకు వేడెక్కిన మాత్రమున ప్రమాదము లేదు. లీటరు డీసెలులో పెట్రోలుకంటె పదింట ఒక వంతునకు పైగ వేడిమి యెక్కువ. అన్నిటికంటె ముఖ్యము, ఊరక తిరుగునప్పుడు డీసెలు చాల పొదుపరి. పెట్రోలు ఇంజను నిలుకడలో తన గొంతు తానే బిగించుకొని, మూసిన కవాటము సందున గాలి పీల్చుకొనుచు ఆయాసపడును. డీసెలునకు అట్టి కవాటము లేదు. గాలిని నిండుగ పీల్చి చమురును మాత్రము బొట్టు బొట్టుగ వాడుకొనును. అరువది ఏండ్ల క్రిందట గడప దాటనీయని ఇంజను ఇప్పుడు ఇంటి పెద్దయైనది. గ్లో ప్లగ్గులు చురుకుదేరినవి, ఎదురుచూపు సెకండ్లలోనికి దిగినది. రెండు దశాబ్దములపాటు అమెరికాలో ఆంబులెన్సనగా డీసెలే.

ఇక దాని పతనము. డీసెలు పొగలో సన్నని మసి, నత్రజని ఆమ్లజనిదములు ఉండును. ఆంబులెన్సులు గంటలకొలది నిలిచి తిరుగునది ఎక్కడ? ఆసుపత్రి అత్యవసర విభాగపు వాకిటను, ఆంబులెన్సు గరాజులోను. ఆ గాలి పీల్చువారు అప్పటికే ఊపిరి చాలనివారు, వారికి సేవ చేయువారు. 2012 జూనులో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధనా సంస్థ డీసెలు పొగను మనుష్యులకు కాన్సరు కలిగించు పదార్థముల మొదటి వర్గమున చేర్చెను. అమెరికా ప్రభుత్వము అంతకు ముందే కట్టుదిట్టములు చేసియుండెను. 2007 నుండి పెద్ద డీసెలు ఇంజనులకు మసిని పట్టు వడపోతలు, 2010 నుండి నత్రజని దోషము నణచుటకు యూరియా ద్రావణము చిమ్ము ఏర్పాటు వచ్చినవి.

మంచి పనియే. కాని పాత కథయే వేషము మార్చుకొని తిరిగివచ్చెను. వడపోతలో చేరిన మసిని అప్పుడప్పుడు కాల్చివేయవలెను. అందులకు పొగ సుమారు 600 డిగ్రీల వరకు వేడెక్కవలెను. రాజమార్గమున గంటలకొలది పోవు లారీలో ఆ వేడి సులభముగ సమకూరును. నిలిచి తిరుగు డీసెలు పొగ చల్లగనుండును. ఏ పొదుపునకై డీసెలును మెచ్చుకొన్నారో ఆ పొదుపే ఇచట పగయైనది. మసి పేరుకొనును, వడపోత మూసికొనును. అప్పుడు ఇంజనును కనిపెట్టుకొనియుండు యంత్రపు మెదడు, ఇంజనును కాపాడవలెనని, దాని బలమును తగ్గించివేయును. యూరియా ద్రావణము అయిపోయినను ఇదే శిక్ష. సరకుల లారీ ప్రక్కకు ఆగి మరమ్మతు చూచుకొనును. గుండెపోటు వచ్చినవానిని మోయు బండి సగము దారిలో కుంటుపడినచో ఎవరికి మొఱపెట్టుకొనుట? అందులకే 2012లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ నియమము సడలించి, ఆంబులెన్సులు, అగ్నిమాపక శకటములు ఇట్టి కారణముచే బలము కోల్పోకుండ ఇంజను తయారీదారులు మార్పులు చేయవచ్చునని అనుమతించెను. ప్రజారోగ్యమునకై చేసిన నియమమును ప్రజారోగ్యమునకై సడలింపవలసివచ్చుట చూడుడు.

ఆ నడుమనే ఫోర్డు ఇ-శ్రేణి చట్రములలో డీసెలు ఇంజను 2010తో నిలిచిపోయి, పది సిలిండర్ల పెట్రోలు ఇంజను ఆంబులెన్సులలోనికి మరల ప్రవేశించెను. ఇంధనపు గొట్టములు, టాంకులు, ఉష్ణకవచములు 1987 నాటివి కావు. ఇంధనము చిమ్ము పద్ధతియు కార్బురేటరు కాలపుది కాదు. ఈ 2020 దశకారంభమున ఆ చట్రములకు వచ్చిన పెట్రోలు ఇంజను పరిమాణము 7.3 లీటరులు. పూర్వము డీసెలు వైభవకాలమున మెకానికులు పేరెత్తి మెచ్చుకొన్న ఇంజను పరిమాణమును 7.3 లీటరులే. పాత మెకానికునితో 'ఏడున్నర తక్కువ' అనినచో ఇప్పుడు పెట్రోలుదా, డీసెలుదా అని తిరుగ నడుగవలసివచ్చును.

మన దేశమున ఈ పోటీ ఇంజనీరుల చేతులలో నడచినది కాదు. ధరల పట్టికలో నడచినది. స్వాతంత్ర్యము వచ్చిన తొలి దశకములలో మన ఆంబులెన్సులు పెక్కు పెట్రోలు వ్యానులే. 1954లో జంషెడ్‌పూరునందు టాటా వారి డీసెలు లారీలు మొదలైన పిదప డీసెలు తెలిసిన మెకానికు ప్రతి ఊరిలోను పుట్టినాడు. ప్రభుత్వములు లారీలను, బస్సులను, సేద్యపు పంపులను దృష్టిలో నుంచుకొని డీసెలును పెట్రోలుకంటె చవుకగ నుంచిరి. బజాజ్ టెంపో వారి మాటడోర్ డీసెలు వ్యాను వచ్చిన తరువాత అదే పలు ఊళ్లలో ఆసుపత్రి బండి యైనది. దాని వెనుక తలుపు చప్పుడు, దాని ఇంజను దడదడ ఒక తరము చెవులకు ఆసుపత్రి గుర్తు. 2005 ఆగస్టు 15న హైదరాబాదునుండి 108 సర్వీసు ఆరంభమైనపుడును బండ్లు డీసెలువే. ఊరికి ఊరికి దూరమెక్కువైన నేలలో అది సహజమైన ఎంపిక. 2010 జూనులో పెట్రోలు ధరమీద, 2014 అక్టోబరులో డీసెలు ధరమీద ప్రభుత్వపు పట్టు సడలిన తరువాత ఆ చవుకదనము చాలవరకు తరిగినది. 2020 ఏప్రిలునుండి భారత్ స్టేజి ఆరు ప్రమాణములు వచ్చుటతో మసి వడపోత, యూరియా ద్రావణము మన డీసెలు బండ్లకును వచ్చినవి. అదే సంవత్సరము జూలై 1న విజయవాడలో 108, 104 సర్వీసులకై 1,088 వాహనములను ఒక్కసారిగ రోడ్డెక్కించిరి. అట్టి దండును నడపువారు ఇప్పుడు చమురు ధరనే కాక, బండి దినమునకు ఎన్ని గంటలు ఊరక తిరుగుచున్నదో కూడ లెక్క వ్రాసికొనవలసిన కాలము వచ్చినది. మన ఎండలలో చలువ యంత్రము నాపి ఇంజను కట్టివేయుమని రోగి ముందు చెప్పజాలము గదా. ఏ బండి ఎంతసేపు నిలుచునో తెలియకుండ ఏ ఇంజను కొనవలెనని యడుగుట, రోగిని చూడక మందు వ్రాయుటవంటిది. పట్టణమున దగ్గరదారులు, దీర్ఘమైన నిలుకడలు గల బండికి పెట్రోలో, సహజవాయువో, బ్యాటరీయో నయముగనుండవచ్చును. శ్రీశైలము ఘాటునుండియో పాడేరునుండియో కొండలు దిగి నూరు కిలోమీటరులు పోవలసిన బండికి డీసెలు బిగువు ఇప్పటికిని విలువైనదే. ఒకే జాబితాతో రెండింటికి కొనుట మాత్రము మేము మెచ్చము.

యూరియా ద్రావణమునుగూర్చి ఒక ముచ్చట చెప్పవలసియున్నది. 2021 అక్టోబరులో చైనా యూరియా ఎగుమతిని కట్టడిచేయగా, దక్షిణ కొరియాలో ఆ ద్రావణము దొరకక డీసెలు వాహనములు పెక్కు చిక్కున పడెను. ఆ దేశపు ఆంబులెన్సులు అగ్నిమాపక కేంద్రములనుండి నడచును. ద్రావణము లేనిచో ఇంజను లేవదు. ఇంజను నిండ చమురున్నను ప్రయోజనము లేదు. ప్రభుత్వము తన వైమానికదళపు విమానమును ఆస్ట్రేలియాకు పంపి 27,000 లీటరుల ద్రావణమును తెప్పించుకొనెను. విమానము రాకముందే, ఊరూర అగ్నిమాపక కేంద్రముల తలుపులముందు తెల్లవారుసరికి యూరియా ద్రావణపు సీసాలు కనబడసాగినవి. తమ బండ్లకు దాచుకొన్నదానిని ఎవరో రాత్రివేళ తెచ్చి, పేరు చెప్పక, వాకిట పెట్టిపోయిరి.